ఆకాశంలో పొగచార

పటాన్‌చెరు దాటి సంగారెడ్డికి పోయే బాటలో సాయంకాలపు ఆకాశాన్ని చూచేవారికి పొగ కొత్త కాదు. 1970వ దశకం నుండి ఇక్కడ పారిశ్రామికవాడలు పెరిగినవి, పొగగొట్టాలు లేచినవి. ఏ పొగ ఏ గొట్టానిదో, ఏ గాలికి ఎటు వాలుతుందో ఇక్కడి రైతుకూ కార్మికునికీ తెలుసు. అటువంటివారు ఒకనాడు తలయెత్తి, "ఈ పొగచార క్రింద గొట్టం లేదు, ఇది మన పొగ కాదు" అంటే ఆ మాటను ఏమి చేయాలి? నవ్వి త్రోసివేయాలా? విన్నది విన్నట్లు నమ్మాలా? ఈ ప్రశ్నకు పెద్ద చరిత్రే ఉన్నది.

ఆకాశం నుండి పడేవాటిని మన పూర్వులు శ్రద్ధగానే గమనించినారు. వరాహమిహిరుడు బృహత్సంహితలో ఉల్కలకు ఒక అధ్యాయమే కేటాయించి, వాటిని ఐదు విధాలుగా విభజించినాడు. ఆయన ఫలితాలను శుభాశుభాలలో వెదకినాడు. కాని కంటికి కనబడినది అబద్ధమని మాత్రం అనలేదు.

ఆ మాట అన్నవారు పద్దెనిమిదవ శతాబ్దపు ఐరోపా పండితులు. 1768లో ఫ్రాన్సు దేశంలోని లూసే గ్రామం వద్ద ఒక రాయి పడగా పొలంలో పనిచేసుకొనేవారు చూచినారు. ఆ రాతిని పరీక్షించినవారిలో రసాయన శాస్త్రజ్ఞుడు లవోయిజియే ఒకడు. అది భూమిమీది రాయేననీ, పిడుగు తగిలి నల్లబడినదనీ వారు 1772లో తేల్చినారు. 1790లో బార్బొతాన్ ప్రాంతంలో రాళ్లు పడినప్పుడు మూడు వందలమంది సాక్ష్యం చెప్పినారు. అంతమందీ కలిసి భ్రమపడినారని పండితులు జాలిపడినారు. పల్లెటూరివాని కన్ను నమ్మదగినది కాదన్నది ఆనాటి విద్యావంతుల విశ్వాసం.

ఆ విశ్వాసాన్ని మొదట కదిలించినవాడు జర్మనీ దేశీయుడు క్లాడ్నీ. ఆయన భౌతికశాస్త్రంలో పేరు గడించినా, చదివినది న్యాయశాస్త్రం. పాత సాక్ష్యాలను న్యాయవాది వలె ఒకదానితో ఒకటి పోల్చి, రాళ్లు నిజంగా ఆకాశం నుండే పడుతున్నవని 1794లో ఒక గ్రంథం వ్రాసినాడు. చాలామంది నమ్మలేదు.

1803 ఏప్రిల్ 26వ తేదీ మధ్యాహ్నం, నిర్మలమైన ఆకాశంలో, ఫ్రాన్సులోని లేగిల్ పట్టణ ప్రాంతంలో పెద్ద మ్రోతలు వినబడినవి. ఒక చిన్న మేఘం కనబడినది. ఒక్కొక్క మ్రోతతో దాని నుండి పొగ చిమ్మినది. వెంటనే వేల కొలది రాళ్లు పడినవి. ప్రభుత్వం విచారణకు బియో అనే యువ శాస్త్రజ్ఞుని పంపినది. ఆయన తిన్నగా రాళ్లు పడినచోటికి పోలేదు. దూరపు ఊళ్లతో మొదలుపెట్టి, అడుగుతూ అడుగుతూ దగ్గరకు వచ్చినాడు. వేరువేరు వృత్తులవారిని, ఒకరితో ఒకరికి సంబంధం లేనివారిని ప్రశ్నించినాడు. అటువంటి రాయి ఆ చుట్టుపట్ల గనులలోగాని, కొలుములలోగాని ఉన్నదా అని వెదకినాడు. చివరకు రాళ్లు పడిన ప్రదేశాన్ని పటం మీద గీసి చూపినాడు. అది సుమారు పది కిలోమీటర్ల పొడవుగల అండాకారం. ఆనాటితో పండితుల సందేహం తీరినది. గెలిచినది పల్లెవాసుల కన్ను, దానికి తోడైన బియో విచారణ పద్ధతి.

తెలుగునాట కూడా ఇట్టి సంఘటనలు లేకపోలేదు. 1852లో నెల్లూరు ప్రాంతంలోని యాటూరులో ఒక ఉల్కాశిల పడినది. 1870 జనవరి 23వ తేదీ సాయంకాలం, ఆనాటి విశాఖపట్టణం జిల్లాలో, పార్వతీపురం వైపు నెడగొల్ల వద్ద నాలుగు కిలోలకు మించిన ఇనుపముద్ద పడినది. దగ్గరలో ఉన్న మనిషి ఒకడు ఆ అదురుకు దిమ్మెరపోయినాడని నమోదైనది.

పొగచార విషయంలో చెప్పుకోదగిన సాక్షి ఒక చిత్రకారుడు. 1947 ఫిబ్రవరి 12వ తేదీ ఉదయం సోవియట్ దేశపు తూర్పు కొసన, సిఖోతె అలీన్ పర్వతాలలో ఒక పెద్ద ఇనుప ఉల్క పడినది. ఆ సమయానికి బొమ్మ వేయడానికి కూర్చున్న మెద్వెదెవ్ కంటబడిన దృశ్యాన్ని అక్కడికక్కడే చిత్రించినాడు. ఆ పొగచార కొన్ని గంటలసేపు ఆకాశంలో నిలిచినది. ఆ చిత్రమే 1957లో తపాలాబిళ్ల అయినది.

ఇక మన ప్రాంతానికి వత్తాము. 2022 డిసెంబరు 7వ తేదీన సంగారెడ్డికి పొరుగు జిల్లా అయిన వికారాబాద్‌లో, మర్పల్లి మండలం మొగిలిగుండ్ల పొలాలలో ఒక వింత గూడు దిగినది. జనం గుమిగూడినారు. ఎవరికి తోచినది వారు అన్నారు. విచారించగా అది స్పెయిన్ దేశపు సంస్థ ఒకటి ప్రయోగాత్మకంగా పంపిన, మనుషులు లేని గూడని తేలినది. హైదరాబాదులోని టాటా మౌలిక పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం దానిని పైకి పంపినది. గ్రామస్థులు చూచినది నిజం. దానికి పెట్టిన పేర్లే పొరపాటు.

చూచినది వేరు, అనుకొన్నది వేరు. కనుక సాక్షిని "అది ఏమిటి?" అని అడుగరాదు. ఎక్కడ నిలిచి చూచినారు, ఏ చెట్టు మీదుగా కనబడినది, ఎంతసేపు ఉన్నది, మ్రోత ఎంతసేపటికి వినబడినది అని అడగాలి. ఆకాశంలోని వస్తువు దూరాన్ని కన్ను కొలువలేదు, దిక్కును మాత్రం చక్కగా చెప్పగలదు. రెండు ఊళ్లవారు చూపిన దిక్కులను పటం మీద గీస్తే, అవి కలిసిన చోటే జాడ. ధ్వని ఇరవై కిలోమీటర్లు రావడానికి సుమారు ఒక నిమిషం పడుతుంది. ఉల్క వెలుగు కొన్ని క్షణాలే ఉంటుంది, దాని పొగను పైగాలులు మెలిత్రిప్పుతవి. పది కిలోమీటర్ల ఎత్తున పోయే విమానం వెనుక నీటియావిరి గడ్డకట్టి చారగా నిలుస్తుంది. సూర్యాస్తమయ వేళ అది ఎర్రబడి, దిక్చక్రం వద్ద నిప్పు పడుతున్నట్లే కనిపిస్తుంది. కర్మాగారపు పొగకు నేలమీద మొదలుంటుంది.

ఈ చివరి మాట ఈ ప్రాంతానికి కేవలం శాస్త్రవినోదం కాదు. 2025 జూన్ 30వ తేదీ ఉదయం పాశమైలారం పారిశ్రామికవాడలో ఒక ఔషధ కర్మాగారంలో పేలుడు జరిగి 40 మందికి పైగా మరణించినారు. పొగను చూచి పరుగెత్తినవారికి అది ఎక్కడి నుండి లేచినదన్నదే ప్రాణప్రశ్న. ఆకాశంలోని చారను గూర్చి చెప్పినప్పుడు నవ్వులపాలైనవాడు, రేపు ప్రమాదపు పొగను చూచినా నోరు మెదపడు. వాని మాట ముందు వ్రాసికొందాము. నిజానిజాలు పిదప విచారింతము.