మధుమేహము - మెదడు

మెదడు బరువు దేహపు బరువులో నూటికి సుమారు 2 పాళ్లు మాత్రమే. కాని విశ్రాంతి సమయమున దేహము వెచ్చించు శక్తిలో నూటికి 20 పాళ్లు దానికే కావలెను. ఆ శక్తి ముఖ్యముగా రక్తములోని గ్లూకోసు వలన లభించును. ఇట్టి అవయవమునకును మధుమేహమునకును గల సంబంధము తెలియుటకు చాలకాలము పట్టినది.

1849లో పారిస్ నగరమున క్లాడ్ బెర్నార్డ్ అను శాస్త్రజ్ఞుడు కుందేలు మెదడులో, మజ్జాముఖము చెంత ఒకచోట, సన్నని పరికరముతో పొడిచెను. కొద్దిసేపటికి దాని మూత్రమున చక్కెర కనిపించెను, పిమ్మట మాయమయ్యెను. నరముల ప్రేరణచే కాలేయము తన నిల్వ చక్కెరను రక్తములోనికి విడుచుటయే ఇందుకు కారణము. మధుమేహమునకు మూలము నరముల యందే కలదని పలువురు వైద్యులు భావించిరి.

1889లో ఈ భావము సడలెను. స్ట్రాస్‌బర్గులో ఫాన్ మేరింగ్, మింకోవ్‌స్కీ అనువారు కుక్క క్లోమమును తొలగింపగా దానికి తీవ్రమైన మధుమేహము వచ్చెను. 1921లో టొరాంటోలో బాంటింగు, బెస్టు క్లోమమునుండి ఇన్సులిన్ గల సారమును తీసిరి. 1922 జనవరిలో ఒక బాలునికి దానిని ఎక్కించిరి. చావు తప్పదనుకొన్న రోగులు బ్రతుకసాగిరి.

ఆ 1922లోనే అమెరికాలో మైల్సు, రూటు అనువారు మధుమేహ రోగులను పరీక్షించి, వారి జ్ఞాపకశక్తి, అవధానము కొంత తగ్గియున్నవని ప్రకటించిరి. కాని బ్రతికియున్న మనిషి మెదడు నిర్మాణమును స్పష్టముగా చూచు సాధనము నాడు లేదు. 1973లో లాటర్‌బర్ తొలి చిత్రమును ప్రకటించిన తరువాత ఎం.ఆర్.ఐ. ఆ కొరతను తీర్చెను. 2003లో రోటర్‌డామ్ వృద్ధులను పరిశీలింపగా, రెండవ రకపు మధుమేహము గలవారిలో జ్ఞాపకమునకు ముఖ్యమైన హిప్పోకాంపస్ ఇతరులకంటె చిన్నదిగా నుండెను. సూక్ష్మ రక్తనాళములు చెడుట, కణములు ఇన్సులిన్‌కు సరిగా లొంగకుండుట ఇందుకు కారణములు కావచ్చును.

అట్లయిన చక్కెరను గట్టిగా తగ్గించిన మెదడు నిలుచునా? అమెరికా, కెనడాలలో జరిగిన అకార్డ్ పరీక్ష ఈ ప్రశ్నకు బదులు వెదకెను. గట్టి అదుపులో నున్నవారి మెదడు కొంత తక్కువగా క్షీణించెనని 2011లో వెల్లడియైనది. కాని జ్ఞాపకశక్తి మెరుగుపడలేదు. పైగా ఆ పద్ధతివలన మరణములు హెచ్చుటచే దానిని 2008లోనే ఆపవలసి వచ్చెను. కావున చక్కెరను ఎంత తగ్గించిన అంత మేలని తలపరాదు. వయస్సును, ఇతర వ్యాధులను గమనించి, వైద్యుడు నిర్ణయించిన మేరకు దానిని అదుపులో నుంచుటయే క్షేమము.