ఓడిన సేనాని వ్రాసిన చరిత్ర

చరిత్రను విజేతలే వ్రాస్తారని ఒక నానుడి ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధంలో తూర్పురంగాన్ని గురించి చదివినప్పుడల్లా నాకు ఈ మాటపై అనుమానం కలుగుతుంది. అక్కడ గెలిచింది సోవియట్ సైన్యం. కాని పశ్చిమదేశాల గ్రంథాలలో చాలాకాలం వినిపించింది ఓడిన సేనానుల గొంతు. ఆ గొంతులన్నింటినీ ఒక్క శ్రుతిలోకి తెచ్చినవాడు జర్మన్ సేనాని ఫ్రాంజ్ హాల్డర్. అతని జీవితం ఒక వ్యక్తి కథ మాత్రమే కాదు. ఒక వర్గం తన నేరాన్ని ఎలా కడుక్కున్నదో చెప్పే కథ.

హాల్డర్ 1884లో బవేరియాలోని వ్యుర్జ్‌బుర్గ్‌లో సైనిక కుటుంబంలో పుట్టాడు. 1902లో బవేరియన్ ఫిరంగిదళంలో చేరి, మొదటి ప్రపంచయుద్ధంలో స్టాఫ్ అధికారిగా పనిచేశాడు. యుద్ధాన్ని కందకంలో నుండి కాక పటాల మీద, లెక్కలలో చూసే శిక్షణ అతనిది. 1938లో, హిట్లర్ యుద్ధ విధానాన్ని వ్యతిరేకించి లుడ్విగ్ బెక్ రాజీనామా చేసినప్పుడు, సైనిక ప్రధాన సిబ్బందికి అధిపతి అయ్యాడు.

అతన్ని సమర్థించేవారు మొదట చూపేది ఆ సంవత్సరాన్నే. చెకొస్లొవేకియాపై దాడికి ఆజ్ఞ వెలువడితే హిట్లర్‌ను కూలదోయాలన్న కుట్రలో అతనికి భాగమున్నమాట నిజం. సెప్టెంబరులో మ్యూనిక్ ఒప్పందం కుదిరింది, కుట్ర ఆగిపోయింది. అయితే అతని అభ్యంతరం దేనిపైన? పరదేశాన్ని ఆక్రమించడం అన్యాయమన్న దానికన్న, ఆ యుద్ధంలో జర్మనీ ఓడిపోతుందన్న భయమే అందులో ఎక్కువని నా అభిప్రాయం. 1940లో ఫ్రాన్సు ఆరువారాలలో కూలగానే ఆ అభ్యంతరం కరిగిపోయింది. జూలైలో పదోన్నతి వచ్చింది. అదే నెల 31న హిట్లర్ సోవియట్ యూనియన్‌పై దాడి చేయాలన్న తన నిర్ణయాన్ని సేనానులకు ప్రకటించాడు. అప్పటికే హాల్డర్ తన సిబ్బంది చేత ఆ దండయాత్రను గురించి అధ్యయనం మొదలుపెట్టించి ఉన్నాడు.

అతనిపై ముఖ్యసాక్షి అతని దినచర్యే. 1939 ఆగస్టు నుండి 1942 సెప్టెంబరు వరకు పొట్టిలిపిలో వ్రాసుకున్న గ్రంథమది. 1941 మార్చి 30న హిట్లర్ సేనానులను సమావేశపరచి, రానున్నది రెండు సిద్ధాంతాల మధ్య నిర్మూలన యుద్ధమని చెప్పిన సంగతి మనకు ప్రధానంగా ఈ దినచర్య వల్లనే తెలుస్తున్నది. హాల్డర్ ఆ మాటలను శ్రద్ధగా వ్రాసుకున్నాడు. నిరసన మాత్రం వ్రాసుకోలేదు. పౌరులపై నేరాలు చేసిన సైనికులను విచారణ నుండి తప్పించిన మే ఉత్తర్వు, చేజిక్కిన రాజకీయ కమిసార్లను కాల్చివేయమన్న జూన్ ఉత్తర్వు - ఈ రెండింటి తయారీలోను అతని కార్యాలయానికి భాగమున్నది.

జూలై 3న, దాడి మొదలై రెండు వారాలైనా నిండకముందే, యుద్ధం గెలిచినట్లేనని వ్రాసుకున్నాడు. ఆగస్టు 11కల్లా లెక్క తప్పింది: శత్రువుకు 200 డివిజన్లుంటాయనుకుంటే అప్పటికే 360 లెక్కకు వచ్చాయి. ఆ నవంబరులో ఓర్షా పట్టణంలో అతడు సైన్యాల సిబ్బంది అధిపతులను సమావేశపరచాడు. అక్కడ అతని క్వార్టర్‌మాస్టర్ జనరల్ ఎడ్వర్డ్ వాగ్నర్, పనిచేయలేని యుద్ధఖైదీలు ఆకలితో చావవలసిందేనన్న భావం స్పష్టంగా చెప్పాడు. జర్మన్ల చేతికి చిక్కిన సుమారు 57 లక్షల సోవియట్ ఖైదీలలో 33 లక్షలమంది దాకా మరణించారు. ఆ మరణాలకు కాపలాదారుల క్రౌర్యం ఒక్కటే కారణం కాదు. రేషను కాగితాలూ కారణమే.

1942 సెప్టెంబరు 24న హిట్లర్ అతన్ని తొలగించాడు. 1944 జూలై హత్యాప్రయత్నం తరువాత అరెస్టు చేయించి నిర్బంధశిబిరాలకు పంపించాడు. ఆ బాధ నిజమైనదే. దాన్ని తక్కువ చేయనక్కరలేదు. కాని బాధితుడైనంత మాత్రాన పూర్వపు బాధ్యత రద్దు కాదు.

యుద్ధానంతరం రద్దయినది సరిగ్గా ఆ బాధ్యతే. న్యూరెంబర్గ్‌లో హాల్డర్ బోనులో నిలబడలేదు, సాక్షిగా నిలబడ్డాడు. 1948లో మ్యూనిక్‌లోని నాజీ ప్రక్షాళన న్యాయస్థానం అతన్ని నిర్దోషిగా వదిలింది. 1949లో హిట్లర్ సేనాపతిత్వాన్ని విమర్శిస్తూ ఒక చిన్న పుస్తకం ప్రకటించాడు. దాని సారం: ఓటమి హిట్లర్‌ది, నైపుణ్యం సేనానులది. అమెరికన్ సైన్యపు చరిత్రశాఖ కోసం 1961 దాకా మాజీ జర్మన్ అధికారుల వ్రాతలను పర్యవేక్షించాడు. సోవియట్ సైన్యంతో పోరాడిన అనుభవం ప్రచ్ఛన్నయుద్ధంలో అమరిక సరుకైంది. దానికి ప్రతిఫలంగా లభించినది మౌనం. 1961లో అమెరికా అతనికి సేవాపురస్కారం కూడా ఇచ్చింది. అతని కింద యుద్ధవ్యూహ విభాగాన్ని నడిపిన హాయిజింగర్ 1957లో పశ్చిమజర్మనీ కొత్త సైన్యానికి తొలి ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యాడు.

మనవైపు లోపాన్ని కూడా చెప్పుకోవాలి. ఉక్రెయిన్ దండయాత్రలో 17వ సైన్యానికి సిబ్బంది అధిపతిగా ఉన్న విన్సెంజ్ మ్యూలర్ తూర్పు జర్మనీ సైన్యనిర్మాణంలో ఉన్నతస్థానం పొందాడు. నిపుణుల అవసరం కలిగినప్పుడు జ్ఞాపకం మందగించడం ఒక్క శిబిరానికే పరిమితమైన జబ్బు కాదు. ఫాసిజాన్ని గుత్తపెట్టుబడి సాధనమని నిర్వచించి మనం ఊరుకుంటే, ఆ సాధనాన్ని చేతబట్టిన మనుషులు మన కళ్ళెదుటనే జారిపోతారు.

హాల్డర్ 1972లో మరణించాడు. సైన్యం చేతులు శుభ్రమన్న కట్టుకథ జర్మన్ ప్రజల మధ్య గట్టిగా బీటలువారింది 1995లో హాంబుర్గ్ సామాజిక పరిశోధనాసంస్థ సైన్యపు నేరాలపై ప్రదర్శన ఏర్పాటు చేసినప్పుడు. తమ తండ్రులు అందులో ఉన్నారన్న సంగతి చాలామందికి మింగుడుపడలేదు. వీధులలో నిరసనలు జరిగాయి.

కాబట్టి విద్యార్థి మిత్రులకు నేను చెప్పదలచినది ఒక్కటే. యుద్ధచరిత్ర చేతికి వచ్చినప్పుడు, ఎవరు వ్రాశారని అడిగి ఊరుకోకండి; ఎవరు వ్రాయించారు, ఎవరి అవసరానికి వ్రాయించారు అని కూడా అడగండి. హాల్డర్ యుద్ధం తరువాత వ్రాసిన పుస్తకాన్ని, యుద్ధంలో వ్రాసుకున్న దినచర్యను పక్కపక్కన పెట్టి చదవండి. అతనిపై అభియోగపత్రం మరెవరూ వ్రాయనక్కరలేదు. దాన్ని అతడే రోజుకొక పుటగా వ్రాసిపెట్టి పోయాడు.