సరోత కీలు, టైటానియం చాకు, మన ఇలాఖా ఫౌలాద్

మా దాదీమా పాన్‌దాన్‌లో ఒక సరోత ఉండేది. పక్కింటివాళ్లు దాన్ని అడకత్తెర అనేవారు. సుపారీ కోసీ కోసీ, సాన పట్టీ పట్టీ దాని అంచు సగానికి అరిగింది. పిడుల మీద నగిషీ చేతికి తగలనంతగా నునుపెక్కింది. రెండు ముక్కల్ని కలిపే మేకు మాత్రం ఎప్పుడూ కొత్తగా కనిపించేది. ఎందుకంటే అది నిజంగానే కొత్తది. వదులైనప్పుడల్లా ఎల్లారెడ్డిలో కమ్మరి తాత దగ్గరికి తీసుకుపోయేవాళ్లం. ఆయన పాత మేకు తీసేసి, కొత్తది దూర్చి, రెండు వైపులా సుత్తితో తట్టి తల చదును చేసేవాడు. ఐదు నిమిషాల పని.

పోయిన బక్రీద్‌కు మా భాంజా దుబాయ్ నుంచి వచ్చాడు. వాడి జేబులో ఒక మడత చాకు. టైటానియం దస్తా, బొటనవేలు తాకిస్తే చాలు తెరుచుకునే ఖట్కా. ధర ఎంతరా అంటే నవ్వి ఊరుకున్నాడు. "మామూ, జిందగీ భర్ చల్తా" అన్నాడు. కొని నాలుగేళ్లయిందట. చేతికి తీసుకుని తెరిస్తే బ్లేడు అటూ ఇటూ ఊగింది. జిందగీ అంటే నాలుగేళ్లా అని అడగాలనిపించింది కానీ, మెహమాన్‌గా వచ్చిన పిల్లవాడు, అడగలేదు.

ఆ సవాల్ మాత్రం నన్ను వదల్లేదు. చాకు అంటే అందరూ ధారనే తారీఫ్ చేస్తారు. ధార పోతే సానరాయి ఉంది. కీలు పోతే ఏముంది? మన ఇలాఖా తవారీఖ్ చూస్తే ఈ సవాల్ ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. ఒకప్పుడు దునియా మొత్తం ధార కోసం మన వైపే చూసింది మరి.

కామారెడ్డి నుంచి నిజామాబాద్ పోయే సడక్ మీద ఇందల్వాయి వస్తుంది. ఇవాళ ఆ పేరు చెబితే టోల్‌ప్లాజా గుర్తొస్తుంది. 1666-67లో ఫ్రెంచ్ ముసాఫిర్ జాన్ ద తెవెనో కుతుబ్‌షాహీ సల్తనత్‌లో తిరుగుతూ ఈ ఊరి మీదుగానే పోయాడు. ఇక్కడ తల్వార్లు, ఖంజర్లు, బల్లేలు తయారై హిందుస్తాన్ అంతటా అమ్ముడవుతాయనీ, ఇనుము దగ్గరి కొండల్లోనే తీస్తారనీ రాసిపెట్టాడు. అదే జమానాలో తిరిగిన తావెర్నియే, జౌహర్ తేలే కత్తులకు కావలసిన ఫౌలాద్ గోల్కొండ సల్తనత్ నుంచే పోతుందని రాశాడు. జౌహర్ అంటే బ్లేడు మీద నీటి అలల్లా కనిపించే గీతలు. తెజాబ్ పూస్తే పైకి తేలతాయి. ఆ కత్తుల్ని దునియా డమాస్కస్ పేరుతో పిలిచింది. పేరు షామ్ దేశంలోని ఊరిది, ఉక్కు ఇందూరు జిల్లాది. అరబ్బీలో మేలైన తల్వార్‌ను ముహన్నద్ అనేవారు, అంటే హింద్ ఉక్కుతో చేసింది. తొమ్మిదో శతాబ్దంలోనే అల్-కిందీ కత్తుల రకాల మీద ఒక రిసాలా రాశాడు.

ఆర్మూర్ దాటి ఇంకా ముందుకు పోతే కమ్మర్‌పల్లి మండలం వస్తుంది. పేరులోనే కమ్మరి ఉన్నాడు. ఆ మండలంలోని కోనసముద్రమే ఈ కథకు అసలు మర్కజ్. హెన్రీ వాయిసీ అనే డాక్టర్ లాంబ్టన్ సర్వేతో తిరుగుతూ ఇక్కడి కొలుములను కళ్లారా చూశాడు. ఆయన 1824లోనే చనిపోయాడు. రాసింది మాత్రం 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ జర్నల్‌లో అచ్చయింది. రెండు చోట్ల నుంచి తెచ్చిన రెండు రకాల ఇనుమును లెక్క ప్రకారం కలిపి, మట్టి మూసల్లో పెట్టి, మూతులు మూసి, దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ కొలిమి ఆరకుండా ఊదేవారు. మూస పగలగొడితే ఉక్కు గడ్డ దొరికేది. అది అప్పటికి గాజులా పెళుసు. దానికి మళ్లీ మట్టి పూసి, గంటల తరబడి వేడిలో ఉంచి మెత్తబరిచేవారు. దక్షిణాదిలో ఇతర చోట్ల ఇలాంటి మూసల్లో తంగేడు కట్టె ముక్కలు కూడా వేసేవారు. బతుకమ్మ పేర్చే ఆ తంగేడే. కట్టెలోని కర్బనం ఇనుములోకి దిగి, నూటికి ఒకటిన్నర పాళ్ల వరకు చేరేది. మామూలు ఇనుములో అది నామమాత్రం.

వాయిసీకి ఆ ఊళ్లో ఇస్ఫహాన్ సౌదాగర్ హాజీ హుసేన్ కనిపించాడు. 1820 ప్రాంతపు మాట. ఈరాన్ నుంచి ఇంత దూరం వచ్చి, కొలుముల దగ్గర తానే నిలబడి పని చూసుకుని, సరుకు కొని తీసుకుపోయేవాడు. ఈ పనితనం మాకు తెలుసు, మా ముల్క్‌లో చేసి చూశాం, కుదరలేదని వాళ్లు వాయిసీకి చెప్పారట. నాకు ఈ తవారీఖ్ అంతటిలో ఎక్కువ ఇష్టమైన మంజర్ ఇదే. ఫార్సీ మాట్లాడే ఒక హాజీ సాబ్, తెలుగు మాట్లాడే కమ్మరి, మధ్యలో ఎర్రగా మండే కొలిమి. ఒకరి జుబాన్ ఒకరికి ఎంత తెలుసో గానీ, ఇనుము జుబాన్ ఇద్దరికీ తెలుసు. దావూద్ అలైహిస్సలామ్ చేతిలో ఇనుము మెత్తబడిన వాకియా చిన్నప్పుడు మదర్సాలో విన్నవాళ్లం కదా, కమ్మరి ఇంటి ముందు నిలబడితే నాకు ఇప్పటికీ అదే గుర్తొస్తుంది.

తర్వాత ఏమైందో క్లుప్తంగా చెబుతాను. షెఫీల్డ్ ఉక్కు సస్తాగా దిగింది. బొగ్గు కాల్చుకోవడానికి అడవి చేతిలో లేకుండా పోయింది. ఈరానీ సౌదాగర్లు రావడం మానేశారు. ఉక్కు నాణ్యతలో ఫరక్ రాలేదు, దాన్ని పట్టి నిలిపిన కీళ్లే ఒక్కొక్కటిగా వదులయ్యాయి. 2010లో ఎక్సెటర్ యూనివర్సిటీ నుంచి గిల్ జూలెఫ్, బెంగళూరు నుంచి శారదా శ్రీనివాసన్, మన జైకిషన్ సార్ కలిసి ఉత్తర తెలంగాణ ఊళ్లలో ఇనుప చిట్టెం కుప్పలు వెతుక్కుంటూ తిరిగారు. హునర్ పోయింది, చిట్టెం మిగిలింది.

అయితే తల్వార్‌కు కీలు లేదు. మ్యూజియంలలో పాత తల్వార్లు చూడండి, చాలాసార్లు బ్లేడు పాతది, దస్తా కొత్తది. మూడు వందల ఏళ్లలో దస్తా రెండు మూడుసార్లు మారినా కత్తి కత్తిగానే ఉంటుంది. మడత చాకు కథ అలా కాదు. దాని ప్రాణం మూడు చోట్ల ఉంటుంది: బ్లేడు తిరిగే ఇరుసు, తెరిచాక మడవకుండా ఆపే అడ్డు, రెండింటినీ పట్టి ఉంచే దస్తా. మన హజామ్ చేతిలోని ఉస్తరాకు అడ్డు కూడా లేదు, ఒట్టి మేకు. అఖీఖా నాడు ఏడు రోజుల పసివాడి తల మీద అది ఊగకుండా ఉండేది మేకు బిగువు వల్ల, హజామ్ వేళ్ల వల్ల. షెఫీల్డ్ వాళ్లు పదిహేడో శతాబ్దంలో చాకు వీపులో స్ప్రింగ్ పెట్టారు. ఫ్రాన్స్‌లో 1890లో మొదలైన ఒపినెల్ చాకుకు 1955లో తిప్పితే బిగుసుకునే ఇనుప రింగు చేరింది. మన సినిమాల రాంపురీకి ఖట్కాయే షాన్, కానీ స్ప్రింగ్ అలసిపోతే ఆ షాన్ కూడా పోతుంది.

మా భాంజా చాకు ఖాందాన్ వేరు. దక్షిణాఫ్రికాలో పుట్టిన క్రిస్ రీవ్ 1980ల చివర్లో ఒక కొత్త తరీఖా తెచ్చాడు. వేరే స్ప్రింగ్ పెట్టలేదు. టైటానియం దస్తాలో ఒక పలకనే చీల్చి, ఆ చీలిక పట్టీ లోపలికి వంగి బ్లేడు తోక వెనక నిలబడేలా చేశాడు. అంటే దస్తాయే స్ప్రింగ్, దస్తాయే తాళం. టైటానియం ఇందుకు బాగా పనికొస్తుంది. బరువు ఉక్కులో దాదాపు అరవై శాతమే. తుప్పు పట్టదు, చెమటకూ ఉప్పుకూ చెక్కుచెదరదు. ఉక్కు కన్నా తేలిగ్గా వంగి మళ్లీ తన చోటికి వస్తుంది.

ఇక ఐబ్ సంగతి. టైటానియం మజ్బూత్ అంటారు గానీ, బ్లేడు ఉక్కుతో పోలిస్తే మెత్తన. బ్లేడు ఉక్కు రాక్‌వెల్ కొలతలో 60 దగ్గర ఉంటే, ఈ దస్తాలకు వాడే టైటానియం 36 దగ్గర ఉంటుంది. పైగా దానికి అంటుకునే గుణం ఉంది. ఉక్కుతో రాపిడి పడితే జిగురులా పట్టుకుంటుంది, గీరుకుంటుంది. అందుకే కొత్తలో బ్లేడు తోక అంచున ఆనే పట్టీ, రోజూ తెరిచీ మూసీ, ఏళ్లు గడిచేకొద్దీ కొంచెం కొంచెం లోపలికి జరుగుతుంది. అవతలి పలకను తాకేదాకా జరిగితే ఇక ఆ తాళానికి ఉమ్ర్ అయిపోయినట్టే. మంచి కారీగర్లు ఈ ఐబ్‌కు ఇలాజ్ ముందే చేస్తారు. పట్టీ కొసకు గట్టి ఉక్కు ముక్క అమర్చి, అరిగితే ఆ ముక్క ఒక్కటే మార్చేస్తారు. ఇరుసు దగ్గర కంచు వాషర్లు వేస్తారు. చిన్న గోళీల బేరింగ్ వేసినచోట ఆ గోళీలు మెత్తటి టైటానియంలో గుంటలు చేయకుండా మధ్యలో ఉక్కు పలక వేస్తారు. అంటే ఖరీదైన చాకులో కూడా అరగడానికే పెట్టిన ముక్క ఒకటి ఉండాలి. అచ్చం మా దాదీమా సరోత మేకులాగే.

టైటానియం కూడా మనకు పరాయిది కాదు. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో 1973లో పెట్టిన మిధానీ విమానాలకు, రాకెట్లకు టైటానియం మిశ్రమాలు తయారుచేస్తుంది. ఆ ఇలాఖాలోనే ఉన్న డీఎంఆర్‌ఎల్ రూపొందించిన తరీఖాతో 2011లో కేరళ చవరలో టైటానియం స్పంజి కార్‌ఖానా మొదలైంది. ఇంకో తమాషా. చాకు దస్తాలకు ఎక్కువగా వాడే టైటానియంలో నూటికి ఆరు పాళ్లు అల్యూమినియం, నాలుగు పాళ్లు వనాడియం. డమాస్కస్ జౌహర్‌కు మూలం ఆ ఉక్కులో ఉన్న అతి కొద్దిపాటి వనాడియమే అని 1998లో వెర్హోవెన్, పెండ్రే తేల్చారు. కొలిమి దగ్గర కూర్చున్నవాడికి ఆ పేరు తెలియదు, ఏ ఇనుము కలపాలో మాత్రం తెలుసు.

బక్రీద్ నాడు భాంజా తన చాకుతో ఖుర్బానీ పనిలోకి దిగబోతే కసాబ్ భాయ్ చేతితోనే ఆపాడు. "ఇస్మే ఖూన్ భర్‌తా బేటా, కడగడం ఎట్లా?" అన్నాడు. కీలులో చేరిన నెత్తురు, కొవ్వు, ఉప్పు టైటానియంను ఏమీ చేయవు గానీ, ఇరుసునూ వాషర్లనూ పాడుచేస్తాయి. కసాబ్ భాయ్ మాటలో ఇల్మ్ ఉంది.

మర్నాడు చాకు తీసుకుని ఇద్దరం ఎల్లారెడ్డి పోయాం. కమ్మరి తాత కొడుకు దాన్ని వెలుతురులో పట్టి అటూ ఇటూ ఊపి చూశాడు. "తాళం మంచిగనే ఉంది సాబ్, ఇంకా సగం జాగ ఉంది. కీలే వదులైంది. ఇది మేకు కాదు, మర. నక్షత్రం లెక్క ఉంది, దీనికి పెట్టే పాన నా దగ్గర లేదు" అన్నాడు. పైసలు తీసుకోలేదు.

ఆ పాన కామారెడ్డిలో సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడి దగ్గర దొరికింది. పావు చుట్టు బిగిస్తే బ్లేడు తెరుచుకోనని మొండికేసింది. వెంట్రుకవాసి వెనక్కి తిప్పి, కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వేశాడు. ఊగడం ఆగింది. ఇరవై రూపాయలు తీసుకున్నాడు.