కొట్టింది భర్త, పరీక్ష భార్యకు

గృహహింసకు గురైన స్త్రీకి మానసిక చికిత్స అవసరమన్న ఆలోచన ఇటీవలిదే. అంతకుముందు ఆమె మనోవైద్యుని దగ్గరకు వెళ్ళినా, అక్కడ ఎదురయ్యేది ఊరటకన్నా విచారణే. 1964లో అమెరికాలోని ఒక మనోవైద్య పత్రికలో స్నెల్, రోజెన్‌వాల్డ్, రోబీ ప్రచురించిన వ్యాసం ఇందుకు తిరుగులేని సాక్ష్యం. భార్యలను కొట్టారన్న అభియోగంపై మసాచుసెట్స్ రాష్ట్రంలో కోర్టు ముందుకు వచ్చిన భర్తలను పరిశీలించబోయిన ఈ వైద్యులు, వారు సహకరించకపోవడంతో భార్యల వైపు మళ్ళి, 12 కుటుంబాలను అధ్యయనం చేసి, భర్త దౌర్జన్యం భార్యలోని ఏదో మానసిక అవసరాన్నే తీరుస్తోందని తేల్చారు. ఆ అవసరానికి వారు వాడిన పదం మాసోకిజం, అంటే బాధపడటంలోనే తనకు తెలియకుండా తృప్తి వెతుక్కునే స్వభావం. ఇది స్త్రీకి సహజమని హెలెన్ డాయిచ్ వంటి మనోవిశ్లేషకులు 1940లలోనే రాసి ఉండటంతో, ఆ తీర్పు అప్పట్లో పెద్దగా ఎవరికీ విడ్డూరంగా తోచలేదు.

మార్పు ఆసుపత్రుల్లో మొదలుకాలేదు. 1971లో లండన్‌లోని చిజిక్‌లో ఎరిన్ పిజ్జీ నెలకొల్పిన ఆశ్రయ గృహంలోనూ, ఆ తర్వాత అమెరికాలో వెలసిన అటువంటి ఇళ్ళలోనూ, స్త్రీలు ఒకరి అనుభవం ఒకరికి చెప్పుకొనే కొద్దీ అందరి కథలూ ఒక్క తీరుగానే ఉన్నాయని తెలిసివచ్చింది. లోపం వ్యక్తి స్వభావంలో ఉందన్న వాదన అక్కడే బీటలు వారింది. అయినా 1985లో అమెరికన్ మనోవైద్య సంఘం తన రోగనిర్ధారణ గ్రంథంలో ‘మాసోకిస్టిక్ వ్యక్తిత్వ రుగ్మత’ను చేర్చబోయింది. స్త్రీవాద మనస్తత్వవేత్తలు గట్టిగా ఎదిరించాక దాని పేరు మారి, 1987 ముద్రణలో అనుబంధానికి పరిమితమై, 1994 నాటికి పూర్తిగా తొలగిపోయింది. పాత నింద అంత తేలిగ్గా చావలేదనడానికి ఈ పేరు మార్పే చాలు.

ఈ పోరాటంలో పాల్గొన్న జూడిత్ హెర్మన్ 1992లో వెలువరించిన ‘ట్రామా అండ్ రికవరీ’ నేటి చికిత్సకు పునాది వేసింది. బందీగా బతికినట్లు ఏళ్ళ తరబడి హింస అనుభవించినవారి మనోగాయం, ఎక్కువగా యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికుల అనుభవాల వల్ల 1980లో గుర్తించిన పీటీఎస్‌డీ (ఆఘాతం తర్వాత వెంటాడే భయాలు, పీడకలలు) కన్నా లోతైనదని ఆమె వాదించారు. దీనినే ఇప్పుడు సంక్లిష్ట పీటీఎస్‌డీ అంటున్నారు. ఆమె చెప్పిన క్రమంలో మొదటిది భద్రత: నిద్ర, తిండి, తలదాచుకునే చోటు, చేతిలో నాలుగు డబ్బులు కుదిరేదాకా గతాన్ని తవ్వకూడదు. జ్ఞాపకాలను చెప్పుకుని దుఃఖించడం ఆ తర్వాతి మాట, మళ్ళీ మనుషుల్లో పడటం చివరి మాట.

భారతదేశంలో ఈ దారి ఆసుపత్రికి చేరింది 2000లో, ముంబయిలోని బాంద్రా భాభా ఆసుపత్రిలో మొదలైన ‘దిలాసా’ కౌన్సెలింగ్ కేంద్రంతో. పెద్దల పంచాయితీలో సర్దుకుపొమ్మని నచ్చజెప్పడమే కౌన్సెలింగ్‌గా చెలామణి అయిన తెలుగు నేల మీదా, 2005 నాటి గృహహింస నిరోధక చట్టం వచ్చాక ఆ పనికి కొన్ని హద్దులు ఏర్పడ్డాయి. ఆ చట్టం కింద 2006లో చేసిన నియమాల ప్రకారం, కొట్టినవాడు తన చర్యకు చెప్పే సమర్థనకు కౌన్సెలింగ్‌లో చోటే లేదు.