భాష, తేదీ, నాణెము: కంప్యూటరు అడుగు తొలి ప్రశ్న

నిజాము పాలన నాటి రెవెన్యూ కాగితము ఏ పాత పెట్టెలోనో దొరికినప్పుడు, దానిని చదువుటకు ఉర్దూ అక్షరములు తెలిసినంత మాత్రమున చాలదు. అందలి తేదీ ఫసలీ సంవత్సరములో నుండును. నెలల పేర్లు ఆజూరు, దై, బహమను అనెడి పారసీక నామములు. ఫసలీ అంకెకు 591 కలిపినగాని, సంవత్సరారంభమున ఉన్న శరత్కాలపు నెలలకైతే 590 కలిపినగాని, క్రీస్తు శకము రాదు. ఇక సొమ్ము హాలీ సిక్కాలలో లెక్కించి యుండును. ఏడు హాలీ రూపాయలు ఆరు బ్రిటిషు ఇండియా రూపాయలకు సమానము. లిపి చదువ వచ్చియు ఈ లెక్క తెలియనివాడు భూమి వెలను తప్పు చెప్పును, కొన్న సంవత్సరమును తప్పు చెప్పును.

ఒక దేశమున వ్రాతకోతలు సాగుటకు భాష ఒక్కటియే ఆధారము కాదు. తేదీ వేయు పద్ధతి, సొమ్ము లెక్క, అంకెలను విడదీయు తీరు, పేర్లను వరుసలో పెట్టు క్రమము, ఇవన్నియు భాషను అంటిపెట్టుకొని యుండును. అయినను ఇవి అన్నియు ఒకేసారి మారవు. హైదరాబాదు చరిత్రయే ఇందుకు సాక్ష్యము. 1880ల దశకములో దర్బారు భాష పారసీకము నుండి ఉర్దూకు మారినది. 1948 సెప్టెంబరులో సంస్థానము భారతదేశములో చేరినది. అయినను హాలీ సిక్కా వెంటనే పోలేదు; భారత రూపాయతో పాటు చెలామణి యగుచు 1959 వరకు నిలిచినది. ఈలోగా 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది. 1957 ఏప్రిల్ 1న అణాలు, పైసల స్థానమున నయా పైసలు వచ్చినవి. తెలుగును అధికార భాషగా నిర్ణయించిన చట్టము 1966 నాటిది. ఒక్కొక్క మార్పుకు ఒక్కొక్క ముహూర్తము. ఆ సంధికాలమున అంగడిలో కూర్చున్న వర్తకుడు ఒకే గల్లాపెట్టెలో రెండు నాణెములను, ఒకే నోట రెండు భాషలను నిలుపుకొని వ్యాపారము చేసికొన్నాడు.

ఈ ప్రశ్నలనే నేడు కంప్యూటరు మనలను అడుగుచున్నది. క్రొత్త యంత్రమును తొలిసారి తెరచినంతనే, మీ భాష ఏది, మీ దేశము ఏది, మీ కీబోర్డు ఏది అని వరుసగా ప్రశ్నించును. ఈ జవాబుల సముదాయమునకు సాంకేతికులు లొకేల్ అని పేరు పెట్టినారు. మన మాటలో చెప్పవలెనన్న, అది ఆ యంత్రమునకు మనము నేర్పెడి దేశవాడుక. తెలుగునకు టి, ఇ అనెడి రెండక్షరముల గుర్తును, భారతదేశమునకు ఐ, ఎన్ అనెడి గుర్తును జతపరచి, ఆ జంటతో యంత్రము మన వాడుకను గుర్తించును.

అమీర్‌పేటలో మైత్రీవనము దగ్గర నిలిచి చూచిన, కంప్యూటరు విద్యను ప్రకటించు పలకలు మేడల నిండ కనబడును. 1990ల చివర నుండి జిల్లాల యువకులు వేల సంఖ్యలో ఇచ్చటికి వచ్చి, చుట్టుప్రక్కల హాస్టళ్లలో బస చేసి, ఈ విద్య నేర్చుకొనుచున్నారు. 2000 సంవత్సరము వచ్చునప్పుడు లోకమునెల్ల కలవరపెట్టిన చిక్కు కూడ తేదీ వ్రాయు పద్ధతికి సంబంధించినదే. సంవత్సరమును రెండంకెలతో వ్రాయు అలవాటు వలన 1900కును 2000కును భేదము తెలియక లెక్కలు తప్పునని అందరును భయపడినారు. ఆ దోషమును దిద్దుటకు ఎందరో భారతీయులు పనిచేసినారు. ఒక చిన్న అలవాటు, ఎన్నడో ఎవరో ఆలోచింపక నిర్ణయించినది, ఇన్ని దేశములకు ఇంత శ్రమ తెచ్చిపెట్టినది.

తెలుగు ఈ యంత్రములోనికి సులువుగా ప్రవేశింపలేదు. కంప్యూటరునకు అక్షరము తెలియదు, అంకె మాత్రమే తెలియును. కనుక ప్రతి అక్షరమునకును ఒక సంఖ్య ఉండవలెను. బ్రాహ్మీ నుండి పుట్టిన భారతీయ లిపులకు ఉమ్మడి సంఖ్యలను ఏర్పరచిన ఇస్కీ అను పద్ధతిని భారతీయ ప్రమాణముల సంస్థ 1991లో ప్రమాణముగా ప్రకటించినది. ఆ సంవత్సరముననే వెలువడిన యూనికోడు ప్రపంచ లిపులకెల్ల వేర్వేరు స్థానములను కేటాయించినది. అందు తెలుగునకు 3072 నుండి 3199 వరకు 128 స్థానములు కలవు. ‘అ’ సంఖ్య 3077, ‘క’ సంఖ్య 3093. అయినను అచ్చు పనివారు చాలకాలము ఈ దారి పట్టలేదు. ఎవరి ఫాంటు వారిది, ఎవరి సంఖ్యలు వారివి. ఆంగ్లాక్షరముల స్థానములలో తెలుగు అక్షరముల బొమ్మలను కూర్చినారు. ఆ ఫాంటు లేని యంత్రములో ఆ వ్రాత తెరచిన, అర్థము లేని రోమను గుర్తులు మాత్రమే కనబడును.

2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పీ, గౌతమి అనెడి ఫాంటుతో, తెలుగు దేశవాడుకను తనలో చేర్చుకొన్నది. 2005లో హైదరాబాదులో స్వేచ్ఛ అను పేర, తెలుగులో మాటలాడు ఆపరేటింగ్ సిస్టమ్ వెలువడినది. ఫైలు, కిటికీ, ఆదేశము, హెచ్చరిక, ఇట్టి వేలకొలది మాటలకు తెలుగు కూర్చుట దానికై శ్రమించినవారి పని. మరియొక వంక 2004 నుండి యూనికోడు సంస్థ ప్రపంచ భాషల దేశవాడుకలను ఒక చోట చేర్చి భద్రపరచుచున్నది. తెలుగున వారముల పేర్లు, నెలల పేర్లు, తేదీలో ముందు దినము, పిదప నెల, ఆ పిదప సంవత్సరము రావలెనను నియమము, అంకెలను లక్షలు, కోట్లుగా విడదీయు తీరు అందు కలవు. 2010 జూలై 15న మన ప్రభుత్వము ఆమోదించిన రూపాయి గుర్తు ఆ సంవత్సరముననే యూనికోడులో చోటు సంపాదించినది.

ఇంత సిద్ధమై యున్నను, మన ఇండ్లలోని యంత్రములు పెక్కు అమెరికా ఆంగ్లపు వాడుకలోనే యుండుట చూచుచున్నాము. తొలినాడు అడిగిన ప్రశ్నకు, ముందే గుర్తు పెట్టియున్న జవాబును అట్లే ఉంచి ముందుకు సాగుదుము. దాని ఫలితము వెంటనే తెలియదు. పంజాగుట్టలో ఒక గృహిణి వైద్యుని దర్శించుటకు 4/5/2025 అని వ్రాసి పెట్టుకొన్నదనుకొందము. ఆమె మనసులో అది మే నెల 4వ తేదీ. అమెరికా వాడుకలోనున్న యంత్రమునకు అది ఏప్రిల్ 5. యంత్రము అబద్ధమాడలేదు, మనము దానికి మన దేశము ఏదో చెప్పలేదు. అట్లే 12,34,567 అని వ్రాసిన పద్దును అది 1,234,567గా చూపును. సొమ్ము మారలేదు కాని, లక్షల లెక్కకు అలవడిన కన్ను తడబడును.

ఇచ్చట ఒక అపోహ తొలగింపవలెను. తెలుగు వాడుక కోరిన, ఆంగ్లమును విడువనక్కరలేదు. హాలీ సిక్కా నాటి వర్తకుని వలె ఈ యంత్రమును వేర్వేరు వాడుకలను వేర్వేరుగా నిలుపుకొనగలదు. ఉద్యోగార్థియైన యువకుడు తెరపై మాటలను ఆంగ్లముననే ఉంచుకొని, దేశమును భారతదేశముగా మార్చిన చాలును. తేదీయు, పద్దును మన పద్ధతికి వచ్చును. దానిపై తెలుగు కీబోర్డును చేర్చిన, తల్లికి తెలుగున జాబు వ్రాయవచ్చును. తెరపై మాటలు కూడ తెలుగున కావలెనన్నవారు దానిని విడిగా ఎన్నుకొనవచ్చును. సెట్టింగులలో కాలము, భాష, ప్రాంతము అనెడి చోటున ఈ పని కొలది నిమిషములలో ముగియును.

2014 జూన్ 2న తెలుగువారికి రెండు రాష్ట్రములు ఏర్పడినవి. ఆ విభజన ఈ దేశవాడుకను తాకలేదు. అమీర్‌పేటలోని విద్యార్థియు, విజయవాడలోని గుమాస్తాయు తమ యంత్రములో ఎన్నుకొను పంక్తి ఒక్కటియే: తెలుగు, భారతదేశము.

పాత పెట్టెలోని కాగితమును ఉర్దూ నేర్చినవాడు, ఫసలీ తెలిసినవాడు నేటికిని చదువగలడు. తన ఫాంటును పోగొట్టుకొన్న తెలుగు వ్రాత గతి అట్లు కాదు; తెలుగు చదివిన మనుమడు దానిని తెరచియు చదువలేడు. యూనికోడున వ్రాసిన జాబునకు ఆ భయము లేదు. ఏ యంత్రములో తెరచినను అది తెలుగుగానే కనబడును. నెల పేరును అక్షరములతో వ్రాసియుంచిన, ఆ మనుమడు తేదీని కూడ తప్పు చదువడు.