ఉమ్మడి యంత్రము, దాని పోషణము

వైద్యపరిశోధకులు పలువురు కలిసి వాడుకొను ఫ్లో సైటోమీటరు అను యంత్రము పెరిగిన తెఱగును నేడు మీకు విన్నవింతును.

రక్తబిందువులో కణములు లక్షలకొలది యుండును. దొడ్డివాకిట పశువులను ఒక్కొక్కటిగా విడిచి లెక్కించునట్లు, ఈ యంత్రము కణములను సన్నని ధారలో ఒకదానివెంట నొకటిగా వెలుగున కెదురుగా నడిపించి, ఏ కణ మే జాతిదో నిర్ణయించును.

1965లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలయందు మాక్ ఫుల్‌వైలర్ కణములను పరిమాణమునుబట్టి వేఱుచేయు యంత్రమును ప్రకటించెను. ధారను బిందువులుగా త్రెంచి, వలసిన బిందువునకు విద్యుత్తు నెక్కించి, ప్రక్కకు లాగుట దాని కిటుకు. అయినను పరిమాణ మొక్కటియే చాలదు. ముప్పదియేండ్లు పాఠములు చెప్పిన నాకు, ఒకే యెత్తుగల బాలురలో చదువరిని ఎత్తుచూచి గుర్తింపరాదని తెలియును. కణములును అట్టివే.

స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున లెనార్డ్ హెర్జెన్‌బర్గు కణములను వాని మెఱుపునుబట్టి ఏఱగోరెను. లాస్ అలమోసువారు తమ యంత్రపు పటములను ఆతని కిచ్చిరి. వాని యాధారమున ఆతని బృందము 1969లో క్రొత్తయంత్రమును ప్రకటించెను. 1972నాటికి పాతదీపమునకు మాఱుగా లేజరుకిరణము నమర్చెను. 2001లో ఆయనయు సహపరిశోధకులును ఒక్కొక్క కణముపై 11 రంగులను చదువు విధమును వివరించిరి. పటములను పెట్టెలో దాచియుండినచో ఈ వృద్ధి యింత త్వరగా జరిగెడిదా?

ఈ యంత్రము వెల మిక్కుటము. ఒక్కని పనికి అది దినమంతయు నక్కఱలేదు. కావున విశ్వవిద్యాలయములు దానిని ఉమ్మడిసొత్తుగా నుంచుకొనుచున్నవి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 1982 నుండి ఉమ్మడి పరికరములకే ప్రత్యేకముగా ధనసహాయము చేయుచున్నవి. కనీసము మువ్వురు ప్రధాన పరిశోధకులు కలిసి వాడుదురని చూపినగాని ఆ ధనము లభింపదు.

పాతయంత్రమును బాగుచేయకున్న నష్టమేమి? రోగినుండి తీసిన రక్తము కొంచెమే. నాలుగు రంగులు మాత్రమే చదువు యంత్రమైనచో ఆ కొంచెమునే పాళ్లుచేసి పలుమాఱులు నడుపవలయును. పసిబిడ్డ రక్తమైనచో అంత యెక్కడనుండి తెత్తుము? 2004 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశముతో చేరి ఆఱు రాష్ట్రములలో ఎయిడ్సురోగులకు ప్రభుత్వము ఉచితముగా మందులిచ్చుట మొదలిడినపుడు, మందెవరికి ముందుగా నీయవలెనో తెలుపుటకు సి.డి.4 అను కణముల లెక్క యాధారమయ్యెను. ఆ లెక్క ఈ జాతి యంత్రములు పెట్టునదే.

క్రొత్తయంత్రము కొనునాడు దాతలు దొరకుదురు. పాతదానికి క్రొత్త కిరణము నమర్చునాడు దొరకుట యరుదు. చెఱువునకు నీరుగంటివలె ఉమ్మడి యంత్రమునకు పని తెలిసిన పోషకుడుండవలెను; వాడుకొనువారు చెల్లించు రుసుములో కొంత యేటేట మరమ్మతునకై తీసియుంచవలెను. పదిమంది సొత్తును పదిమందియు పోషించినపుడే అది పదికాలములు నిలుచును.