తండా నుంచి ఆసుపత్రి దాకా

ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దేశమంతా తిరిగిన మన లంబాడా పూర్వికులు, రైళ్లు, రోడ్లు వచ్చి ఆ వ్యాపారం దెబ్బతిన్నాక తండాలు కట్టుకుని స్థిరపడ్డారు. తిరువూరు, ఎ.కొండూరు తండాల్లోనూ ఒకప్పుడు కాన్పుకు మంత్రసాని, జ్వరానికి ఆకుపసరు, పెద్ద జబ్బుకు దేవుడే దిక్కు. ఆసుపత్రి మన బతుకుల్లోకి ఆలస్యంగా వచ్చింది.

డబ్బు లేదన్న కారణంగా ఎవరికీ వైద్యం అందకుండా పోరాదని 1946లో భోర్ కమిటీ చెప్పింది. 1952 నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు మొదలయ్యాయి. మైదానంలో 30,000 మందికి ఒక కేంద్రం, 5,000 మందికి ఒక ఉపకేంద్రం ఉండాలి. గిరిజన, కొండ ప్రాంతాల్లో 20,000కు, 3,000కు ఒకటి చొప్పున ఉండాలి. ఈ సడలింపు చూసేది ప్రాంతాన్ని, మనిషిని కాదు. మన తిరువూరు ప్రాంతం షెడ్యూల్డ్ ఏరియా కాదు. అందుకే మైదానంలోని తండా ఆ లెక్కలో సులువుగా కనబడదు.

2005లో ఆశా కార్యకర్తలు, 108 వాహనం, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక దూరం కొంత తగ్గింది. కానీ ఎ.కొండూరు తండాల్లోని కిడ్నీ జబ్బు మనకు మరో దూరాన్ని చూపించింది. డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి సుమారు నాలుగు గంటలు. దానికోసం విజయవాడ దాకా వెళ్తే రోగితోపాటు తోడు వెళ్లినవారి కూలీ కూడా పోతుంది. 2019లో డయాలసిస్ రోగుల పింఛను 10,000 రూపాయలైంది. భూగర్భ జలాలపై అనుమానంతో కృష్ణా నీటిని తండాలకు పైపులైన్ల ద్వారా తెచ్చే పథకం చేపట్టారు. అంటే ఆరోగ్యం ఆసుపత్రి గేటు దగ్గర మొదలు కాదు, తాగే బిందె దగ్గరే మొదలవుతుంది.

కిడ్నీ జబ్బు చాలాకాలం బయటపడదు. కాళ్లు వాచేసరికి చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. హాస్టల్‌కు వచ్చే తల్లిదండ్రులకు మేము చెప్పేది ఇదే: బీపీ చూపించుకోండి, మూత్రపరీక్ష, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి. ఒళ్లునొప్పులకు దుకాణంలో బిళ్లలు కొని రోజూ మింగకండి. పరీక్ష కాగితాలు పారేయకుండా దాచుకోండి.

ఆ కాగితాలు డాక్టరుకు దారి చూపిస్తాయి. రేపు మన తండాల ఆరోగ్య చరిత్ర రాసేవారికీ అవే ఆధారం. మైదానపు లెక్కలో కనబడని తండాను కనబడేలా చేయడానికి మన చేతిలో ఉన్న సాక్ష్యం అదే.